స్కైరిమ్ మళ్ళీ మొదలుపెడుతున్నారా? మొదటి సేవ్ నుంచి ఆఖరి సేవ్ దాకా ఈసారి ఇలా ఆడండి

స్కైరిమ్ వీడియో గేమ్ తెరిచి బండి చక్రాల చప్పుడు వినగానే తర్వాత జరగబోయేదంతా మీకు తెలుసు. చేతులు కట్టేసి ఉంటాయి. ఎదురుగా కూర్చున్న రాలోఫ్ పలకరిస్తాడు. పక్కన గుర్రాల దొంగ లోకిర్ ప్రాణభయంతో గింజుకుంటుంటాడు. హెల్గెన్ ఊళ్ళో బండి దిగగానే వాడు పారిపోబోయి బాణం దెబ్బకు పడిపోతాడు. మీ తల నరకడానికి మొద్దు మీద పెట్టీ పెట్టగానే బురుజు మీద ఆల్డుయిన్ అనే డ్రాగన్ వచ్చి వాలతాడు.

2011 నవంబర్ 11న స్కైరిమ్ విడుదలైన రోజుల్లో ఈ సీన్ చూసి గుండె ఝల్లుమంది. పదోసారికి అదే సీన్ నడుస్తుంటే ఫోన్ తీసి మెసేజ్‌లు చూసుకుంటాం. ఆట మీద ఇష్టం పోయిందా అంటే లేదు, పోయుంటే మళ్ళీ ఇన్‌స్టాల్ చేయం కదా. కానీ లెవెల్ 20 వచ్చేసరికి ఆడబుద్ధి కాదు, ఇంకో సేవ్ (ఆడి దాచుకున్న ఆట) మూలన పడుతుంది.

నేను ఈ ఆటని పదకొండుసార్లు మొదలుపెట్టాను. మధ్యలో చాలావాటిని అలాగే వదిలేశాను. చివరి మూడుసార్లు మాత్రం మొదటిసారి ఆడినంత ఇష్టంగా ఆడాను. ఆ మూడింటిలో నేను మార్చింది ఒకటే: ఆటలో నా మనిషి ప్రతి పనీ ఎందుకు చేస్తున్నాడో ముందే తేల్చుకున్నాను. కారణం మారితే తెలిసిన కథ కూడా తెలియని దారిలో నడుస్తుంది. అది ఎలా చేయాలో అడుగడుగునా రాస్తున్నాను. ఇందులో చాలాభాగానికి మాడ్స్ (ఆటకి ఆటగాళ్ళు చేసిన మార్పులు) అక్కర్లేదు, ప్లేస్టేషన్ మీద ఆడేవాళ్ళు కూడా చేసుకోవచ్చు.

మొదటి అడుగు: పోయినసారి ఏం జరిగిందో కాగితం మీద రాయండి

ఒక సంక్రాంతి సెలవుల్లో మా బాబాయి కొడుకు నా పక్కన కూర్చుని చూస్తున్నాడు. ఓర్క్ జాతి యోధుడితో, రెండు చేతులతో పట్టే గొడ్డలితో ఘనంగా మొదలుపెట్టాను. రెండో రోజు సాయంత్రం వాడు, "అన్నా, గొడ్డలేది? మళ్ళీ అదే విల్లు పట్టుకుని కూర్చున్నావేంటి?" అన్నాడు. చూసుకుంటే నిజమే. నా ఓర్క్ గుహ మూలలో నక్కి కూర్చుని, చీకట్లోంచి బాణాలు వేస్తున్నాడు. అంతకుముందు నా ఎల్ఫ్ చేసిందీ అదే, దానికి ముందు నా ఖజీట్ (పిల్లి మనుషుల జాతి) చేసిందీ అదే.

ఇది మనందరికీ జరిగేదే, దానికి కారణం ఆట నిర్మాణంలోనే ఉంది. నక్కి వేసిన బాణానికి మామూలుగానే రెండింతల దెబ్బ, స్నీక్ (నక్కి తిరిగే నైపుణ్యం)లో డెడ్లీ ఎయిమ్ అనే పెర్క్ (అదనపు సామర్థ్యం) తీసుకుంటే మూడింతలు. శత్రువు మన దగ్గరికి రాకముందే సగం పని అయిపోతుంది. పైగా స్కైరిమ్‌లో క్లాస్ (యోధుడు, మాంత్రికుడు లాంటి వర్గం) అంటూ లేదు. 18 స్కిల్స్, ఏది వాడితే అది పెరుగుతుంది. అందుకని ప్రాణం మీద తీపి ఉన్న ప్రతి ఆటగాడూ నెమ్మదిగా అటే జారతాడు.

రెండో కారణం ఇంకా పెద్దది. ఈ ఆట మనల్ని దేనికీ కాదనదు. ఒకే మనిషి కంపానియన్స్ అనే యోధుల బృందానికి పెద్ద, వింటర్‌హోల్డ్ మాంత్రికుల కాలేజీకి ఆర్చ్‌మేజ్, దొంగల గిల్డ్‌కి (సంఘానికి) నాయకుడు, హంతకుల ముఠాలో లిజనర్, అన్నీ అయిపోవచ్చు. మొదటిసారి అది వరం. పదోసారికి అదే శాపం, ఎందుకంటే ఏ రంగు కలిపినా చివరికి అదే బూడిదరంగు వస్తుంది.

కాబట్టి కొత్త క్యారెక్టర్ తెరిచే ముందు కాగితం తీసి పోయినసారి సంగతులు నాలుగు రాయండి. ఏ ఆయుధంతో ముగించారు? ఏ గిల్డ్‌లు పూర్తిచేశారు? హెల్గెన్ నుంచి బయటపడ్డాక మొదటి గంటలో ఎటు వెళ్ళారు? ఏ చోట విసుగొచ్చి వదిలేశారు? ఈ చివరి ప్రశ్నకి జవాబు నిజాయితీగా రాయండి. నా కాగితం మీద ప్రతిసారీ ఒకటే వచ్చేది: డ్వెమర్ అనే పాత జాతి వదిలిపోయిన శిథిలాలు. అందుకని తర్వాతి మనిషికి వాటిలోకి దిగాల్సిన అవసరమే లేకుండా చూసుకున్నాను.

రెండో అడుగు: బిల్డ్ (ఆయుధం, నైపుణ్యాల ఎంపిక) పక్కన పెట్టి మనిషి గురించి ఆలోచించండి

మనం సాధారణంగా "ఈసారి డిస్ట్రక్షన్ మేజ్" (విధ్వంస మంత్రాల మాంత్రికుడు) అనుకుని మొదలుపెడతాం. అది చేతిలో పనిముట్టు గురించి అనుకోవడమే. ఆ చేయి ఎవరిదో అనుకోలేదు. మనిషి గురించి మూడు సంగతులు తేలితే చాలు: ఎక్కడివాడు, ఏ పని చేసి బతుకుతాడు, అతనికి ఏది పడదు.

ఆట ఇచ్చే చిన్న చిన్న ఆధారాలు వదలకండి. జాతి ఎంచుకున్నాక హెల్గెన్‌లో పేర్లు రాసుకునే సైనికుడు హాడ్వార్ ఒక్కో జాతివాళ్ళతో ఒక్కో మాట అంటాడు, గమనించారా? ఆర్గోనియన్‌ని (బల్లి మనుషుల జాతి) ఎంచుకుంటే రిఫ్టెన్ ఊరి రేవులో పనిచేసేవాళ్ళ బంధువువా అని అడుగుతాడు. నా తొమ్మిదో క్యారెక్టర్ ఆ ఒక్క ప్రశ్నలోంచే పుట్టాడు. అవును, రేవు మనిషే. బరువులు మోసేవాళ్ళ భుజాలు, చేతులు చూసి చూసి గాయాలకు కట్టు కట్టడం నేర్చుకున్నాడు. ఆర్గోనియన్ల పేర్లు చాలావరకు చిన్న వాక్యాల్లా ఉంటాయి కాబట్టి నేనూ అలాగే "గాయం కడుగు" అని పెట్టుకున్నాను, ఇంగ్లీష్ అక్షరాల్లో టైప్ చేసి. రెస్టొరేషన్ (నయం చేసే మంత్రాలు), ఆల్కెమీ (మందుల తయారీ) అతని విద్యలు. నీలం కొండపువ్వు, గోధుమ కలిపితే ప్రాణం నింపే మందు తయారవుతుందని మనకు తెలుసు. అతనికి తెలియదు కాబట్టి మొక్కలు నమిలి చూసి తెలుసుకున్నాడు. ఆటలో ఏ దినుసు తిన్నా దాని మొదటి గుణం బయటపడుతుంది కదా, నేను ఏళ్ళ తరబడి వాడని సంగతి అది.

ఆర్గోనియన్లను విండ్‌హెల్మ్ నగరం గోడల లోపల ఉండనివ్వరు, రేవు పక్కనే ఒక గదిలో కాపురాలు. అక్కడ స్కౌట్స్-మెనీ-మార్షెస్ అనే కూలీ, నార్డ్‌లతో (స్కైరిమ్ స్థానిక మానవ జాతి) సమానంగా తమకూ కూలి ఇప్పించమని అడుగుతాడు, యజమాని టోర్బ్యోర్న్ షాటర్-షీల్డ్‌తో మీరు మాట్లాడాలి. ఎనిమిది ఆటల్లో నేను ఆ రేవు మెట్లు దిగి పలకరించిన పాపాన పోలేదు. గాయం కడుగుకి మాత్రం అది సొంత ఇంటి గొడవ. రెండు నిమిషాల పని, ఇచ్చే బహుమతి ఏమంత లేదు, అయినా యజమాని ఒప్పుకున్నప్పుడు కుర్చీలోంచి లేచి నిలబడ్డాను.

మీకు వెంటనే పట్టుకోవడానికి మరికొందరు మనుషులు:

- ఓర్క్ కమ్మరి. తన చేత్తో తవ్విన ఖనిజంతో తాను కొట్టిన ఆయుధమే పట్టుకుంటాడు. ఓర్క్ స్ట్రాంగ్‌హోల్డ్‌లలోకి (కంచె కట్టిన గూడేల్లోకి) పరాయివాళ్ళను అంత తేలిగ్గా రానివ్వరు, ఓర్క్‌కి మాత్రం తలుపు తెరిచే ఉంటుంది. కాబట్టి అతని ఇల్లు మోర్ ఖజ్‌గుర్ లాంటి చోటు.
- ఖజీట్ వర్తకురాలు. ఖజీట్ కారవాన్‌లను ఊళ్ళోకి రానివ్వరు, కోట గోడ బయటే గుడారాలు. ఆమె కూడా ఏ ఊళ్ళోనూ రాత్రి పడుకోదు.
- స్టెండార్ అనే దేవుడి భక్తుడైన నార్డ్. డేడ్రిక్ (దుష్టశక్తుల) వస్తువు ఏది కనబడినా ముట్టడు. ఎంత ఊరించినా సరే. డాన్‌గార్డ్ డీఎల్‌సీ (ఆటకి అదనపు భాగం) ఉంటే లెవెల్ 10 దాటాక స్టెండార్ భక్తుల స్థావరం హాల్ ఆఫ్ ది విజిలెంట్ కాలి కూలిపోతుంది, అతనికి అది పగ తీర్చుకోవాల్సిన విషయం. లెవెల్ 10కి ముందే వెళ్ళి అక్కడి మనుషులను ఒకసారి చూసి రండి, ఆ తర్వాత బూడిద చూస్తే వేరేగా ఉంటుంది.

మూడో అడుగు: ఈ మనిషి చేయని పనులు మూడు

ఈ గైడ్‌లో ఒక్క అడుగే పాటించే ఓపిక ఉంటే ఇదే పాటించండి. కొత్తదనం కోసం మనం ఎప్పుడూ ఏదో ఒకటి కలుపుతూ ఉంటాం. కొత్త డీఎల్‌సీ, కొత్త మాడ్, కొత్త కవచం. స్కైరిమ్‌లో తీసేయడం బాగా పనిచేస్తుంది. ఆట కాదనదు కాబట్టి మీ మనిషే కాదనాలి.

అన్నిటికంటే పెద్ద "కాదు" ఒకటుంది. వైట్‌రన్ దగ్గరి పశ్చిమ కావలి బురుజు మీద డ్రాగన్ పడే క్వెస్ట్ (ఆటలో అప్పగించే పని) పూర్తయ్యేదాకా ప్రపంచంలో డ్రాగన్లు తిరగడం మొదలుపెట్టవు. అంటే బ్లీక్ ఫాల్స్ బ్యారోలో దొరికే రాతిపలకను వైట్‌రన్ మాంత్రికుడు ఫారెంగార్‌కి ఇవ్వకుండా ఊరుకుంటే చాలు. మీరు డ్రాగన్‌బార్న్ (డ్రాగన్ ఆత్మ ఉన్న వీరుడు) కారు, కొండ మీది సాధువులు గ్రేబియర్డ్స్ పిలవరు, షౌట్స్ (డ్రాగన్ భాషలో అరిచే మంత్రాలు) ఉండవు. ఆకాశం ఖాళీగా ఉంటుంది. దారిలో రెక్కల చప్పుడు వినబడదు, ఊరి మధ్యలో డ్రాగన్ దిగి మీకు కావాల్సిన దుకాణదారుని చంపేయదు. స్కైరిమ్ ఒక్కసారిగా మామూలు మనుషుల దేశం అయిపోతుంది. చలి, దొంగలు, అంతర్యుద్ధం, పేదరికం. హెల్గెన్‌లో చూసిన ఆ డ్రాగన్ గురించి అతను ఎవరికి చెప్పినా ఇంకోటి కనబడదు. నాకు ఆ నిశ్శబ్దం ఎంత నచ్చిందో చెప్పలేను.

రెండో "కాదు" గిల్డ్‌ల గురించి. ఒక మనిషికి ఒకటే గిల్డ్, లేదా అసలు ఏదీ వద్దు. హంతకుల ముఠా డార్క్ బ్రదర్‌హుడ్‌నే తీసుకోండి. రిఫ్టెన్ అనాథాశ్రమం నడిపే గ్రెలాడ్‌ని చంపాక ఎక్కడో పడుకుంటే ఎత్తుకుపోతారు, పాడుబడిన గుడిసెలో ముఠా నాయకురాలు ఆస్ట్రిడ్ ముగ్గురు ఖైదీలను చూపించి ఒకరిని చంపమంటుంది. మనలో చాలామంది ఆ ముగ్గురి వైపే చూస్తాం. కానీ ఆస్ట్రిడ్ మీదే కత్తి తిప్పవచ్చు, అప్పుడు ఆ ముఠానంతా తుడిచిపెట్టే వేరే క్వెస్ట్ మొదలవుతుంది. ఎన్నిసార్లు ఆడినా ఆ తలుపు తెరవనివాళ్ళు నాకు చాలామంది తెలుసు.

ఇక్కడ ఒక్క మనిషి గురించి చెప్పాలి. ఐవార్‌స్టెడ్‌లో వాగు అవతల, కూలిపోయిన ఇంట్లో నార్ఫీ అనే బిచ్చగాడు ఉంటాడు. తల్లిదండ్రులు పోయారు. మందుమొక్కలు ఏరడానికి వెళ్ళిన అక్క రేడా తిరిగి రాలేదు. ఆమె కోసం ఎదురుచూస్తూ మతి చలించింది. బ్రదర్‌హుడ్‌లో చేరితే ముఠా సభ్యుడు నాజిర్ ఇచ్చే మొదటి మూడు కాంట్రాక్టుల్లో ఇతని పేరు ఉంటుంది. నా రెండో ఆటలో హంతకుడిగా వెళ్ళి పది సెకన్లలో పని ముగించాను, డబ్బు తీసుకున్నాను, పేరు కూడా గుర్తులేదు. తొమ్మిదో ఆటలో గాయం కడుగు వెళ్ళాడు. సత్రం యజమాని విల్హెల్మ్‌ని అడిగి, వాగులోకి దిగాడు. ఆర్గోనియన్‌కి నీళ్ళలో ఊపిరి ఆడుతుంది కాబట్టి తొందర లేకుండా రాళ్ళ మధ్య వెతికాడు. వంతెన దగ్గర నీటి అడుగున రేడా ఎముకలు, ఆమె హారం దొరికాయి. ఆ హారం తీసుకుని నార్ఫీ ముందు నిలబడినప్పుడు, ఏడేళ్ళ కిందట ఇదే గోడల మధ్య నేనేం చేశానో గుర్తొచ్చింది. ఒకే ఊరు, అదే ఇల్లు, అదే మనిషి.

మీ మూడు "కాదు"లు రాసేటప్పుడు ఒక జాగ్రత్త తీసుకోండి. కనీసం ఒకటైనా మీకు నష్టం చేసేదిగా ఉండాలి. "నేను బల్లెం పట్టను" అంటే స్కైరిమ్‌లో అసలు బల్లేలే లేవు, దానివల్ల మీకు పోయేదేం లేదు. "విల్లు పట్టను" అనండి, అప్పుడు తెలుస్తుంది.

నాలుగో అడుగు: ఫాస్ట్ ట్రావెల్ వదిలి నడవండి

మ్యాప్ మీద నొక్కి ఎగిరిపోతే స్కైరిమ్ అంటే గుహలు, దుకాణాలు, వాటి మధ్య లోడింగ్ స్క్రీన్లు. ఊరికి ఊరికి మధ్య నడిస్తేనే అది దేశం. దూరాభారం అయితే కోట బయట గుర్రపుబండ్లు ఉన్నాయి, కొద్దిపాటి బంగారం ఇస్తే పెద్ద ఊళ్ళకు తీసుకుపోతాయి.

మీ అంతట మీరు నియమం పెట్టుకోలేకపోతే సర్వైవల్ మోడ్ ఆన్ చేయండి. 2021 నవంబర్‌లో వచ్చిన యానివర్సరీ అప్‌డేట్ నుంచి స్పెషల్ ఎడిషన్ ఉన్నవాళ్ళందరికీ ఇది ఉచితంగానే వచ్చింది. ఫాస్ట్ ట్రావెల్ పోతుంది. చలి ఎక్కేకొద్దీ మీ హెల్త్ హద్దు తగ్గుతుంది, ఆకలికి స్టామినా (ఓపిక), అలసటకి మ్యాజికా (మంత్రశక్తి) తగ్గుతాయి. దెబ్బ తగిలితే ప్రాణం దానంతట అది తిరిగి నిండదు. పడుకుంటేనే లెవెల్ పెరుగుతుంది. బాణాలకు కూడా బరువు ఉంటుంది కాబట్టి ఆ దొంగ విలుకాడి సమస్య కూడా కొంత తీరుతుంది.

మొదటి రెండు గంటలూ చిరాకు పుడుతుంది, ఓర్చుకోండి. తర్వాత ఏమవుతుందంటే, ఎన్నో ఏళ్ళుగా దాటుకుంటూ పోయిన వస్తువులకు విలువ వస్తుంది. సత్రంలో మంచానికి ఇచ్చే పది నాణేలు, కుండలో కాగుతున్న వేడి సూప్, దారి పక్కన వేటగాళ్ళ నెగడు. డాన్‌స్టార్ వెళ్ళే దారిలో మంచు తుఫాను పట్టుకున్నప్పుడు దూరంగా ఒక మంట కనబడితే, అక్కడ ఉన్నది మిత్రులో బందిపోట్లో చూసుకోకుండానే పరిగెత్తాను. గాయం కడుగుకి ఇంకో ఇబ్బంది కూడా ఉంది. నీళ్ళలో ఎంతసేపైనా ఉండగలడు, కానీ ఉత్తరాన మంచునీళ్ళలో దిగితే చలి చకచకా ఎక్కేస్తుంది. అతనికి ఉన్న ఆ వరం తనవాళ్ళున్న విండ్‌హెల్మ్ రేవులోనే పనికిరాదు.

దీంతోపాటు జర్నల్‌లో క్వెస్ట్‌ల టిక్ తీసేసి, మార్కర్ లేకుండా నడిచి చూడండి. ఇది మొత్తం ఆటకి కుదరదు. చాలా క్వెస్ట్‌లలో జర్నల్ దారి చెప్పదు, బాణం గుర్తు మీదే ఆధారపడుతుంది. నేను ఊళ్ళ మధ్య ప్రయాణానికి మార్కర్ తీసేస్తాను, గుహలోపల మరీ దారి తప్పితే పెట్టుకుంటాను.

ఐదో అడుగు: దారిలో కనబడిన ఇంటి తలుపు తట్టండి

ఉత్తర తీరంలో డాన్‌స్టార్‌కి, వింటర్‌హోల్డ్‌కి మధ్య గుట్ట మీద ఫ్రాస్ట్‌ఫ్లో లైట్‌హౌస్ ఉంది. ఏ పెద్ద క్వెస్టూ మిమ్మల్ని అక్కడికి పంపదు. లోపలికి వెళ్ళగానే నేల మీద ఒక స్త్రీ శవం. పేరు రమాటి. గదుల్లో డైరీలు ఉన్నాయి. ఆమె భర్త హాబ్డ్, పిల్లలు మానీ, సూడీ. సముద్రం మీద ప్రేమతో హాబ్డ్ ఈ దీపస్తంభం దగ్గరికి కుటుంబాన్ని తెచ్చాడు. కొన్నాళ్ళకు నేలమాళిగలోంచి గీకుతున్న చప్పుళ్ళు వినబడడం మొదలైంది. ఎలుకలనుకున్నారు.

కింద గోడ పగిలి మంచుగుహ ఉంటుంది, ఫాల్మర్లు (నేలకింద బతికే గుడ్డి జాతి), చారస్ పురుగులు. మామూలుగా ఆడేటప్పుడు కొట్టుకుంటూ పోతాం, పెట్టెల్లో ఉన్నది తీసుకుంటాం, వచ్చేస్తాం. ఈసారి దొరికిన ప్రతి కాగితం దొరికిన చోటే నిలబడి చదివాను. పిల్లలకు ఏమైందో ముక్కలు ముక్కలుగా తెలుస్తుంది, కాబట్టి చెప్పను, మీరే చదవండి. గుహ చివర పెద్ద చారస్‌ని చంపితే దాని కడుపులో హాబ్డ్ అవశేషాలు దొరుకుతాయి. తాను పోయాక తన అవశేషాలను దీపస్తంభం పైన మంటలో వేయాలని, అక్కడినుంచి ఎప్పటికీ సముద్రాన్ని చూస్తూ ఉండాలని అతని కోరిక, అది కూడా డైరీలోనే ఉంది.

ఆట ఎక్కడా అలా చేయమని చెప్పదు. జర్నల్‌లో లైను రాదు, మార్కర్ ఉండదు. మీరు చదివి ఉంటేనే పైకి ఎక్కి ఆ మంటలో వేస్తారు. వేస్తే ఒక వరం వస్తుంది: మీ వైద్య మంత్రాలు 10 శాతం ఎక్కువ పనిచేస్తాయి. ఎనిమిది ఆటల్లో విలుకాడికి ఏ ఉపయోగమూ లేని వరం అది. గాయం కడుగుకి ఆ స్తంభం పైన నిలబడి, కింద నల్లటి సముద్రం చూస్తున్నప్పుడు అది ఎవరో తన తల మీద చేయిపెట్టి ఇచ్చినట్టు ఉంది.

స్కైరిమ్ నిండా ఇలాంటి ఇళ్ళున్నాయి. మోర్తల్ వైపు దారిలో మీకో అనే కుక్క ఎదురైతే వెనకాలే వెళ్ళండి, దాని యజమాని గుడిసె చూపిస్తుంది. ఒక నియమం పెట్టుకుంటే చాలు: ఒకసారి కూర్చుంటే కనీసం ఒక్క తెలియని చోటికి వెళ్ళాలి, అక్కడున్న రాతలన్నీ చదవాలి.

ఆరో అడుగు: డిఫికల్టీ జోలికి ఎక్కువ పోవద్దు

విసుగొస్తే లెజెండరీ (అన్నిటికంటే కష్టమైన స్థాయి) పెట్టమని చాలామంది చెబుతారు. నేను చెప్పను. లెజెండరీలో మీరు కొట్టే దెబ్బ నాలుగో వంతుకి పడిపోతుంది, మీకు తగిలేది మూడింతలు అవుతుంది. శత్రువు తెలివి మాత్రం ఏమీ పెరగదు. ఒక బందిపోటుని నలభైసార్లు పొడవడంలో కొత్తదనం ఏముంది? పైగా దాన్ని తట్టుకోవడానికి మళ్ళీ నక్కి బాణాలు వేయడమే దిక్కవుతుంది. అడెప్ట్ లేదా ఎక్స్‌పర్ట్ లాంటి మధ్య స్థాయి దగ్గర ఉంచి, స్మితింగ్ (కమ్మరం), ఎన్‌చాంటింగ్ (వస్తువులకు మంత్రం ఎక్కించడం), ఆల్కెమీ మూడూ ఒకే మనిషికి ఇవ్వకండి. ఆట తేలికైపోయేది ఆ మూడూ కలిసినప్పుడే.

ఏడో అడుగు: తెలుగులో డైరీ రాయండి

ఆటలో తెలుగు లేదు. మన మనిషి లోపల మాట్లాడుకునే మాటైనా తెలుగులో ఉండొచ్చు కదా. ఆట ముగించే ముందు ఐదు నిమిషాలు, నోట్‌బుక్‌లోనో ఫోన్‌లోనో, అతని మాటల్లో నాలుగు వాక్యాలు. క్వెస్ట్ పేర్లు, లెవెల్ నంబర్లు రాయకూడదు, అతనికి అవి తెలియవు కాబట్టి. నా పుస్తకంలోంచి ఒకటి:

"ఇవాళ కొండ దిగేటప్పుడు తోడేలు కాలు పట్టుకుంది. నా కాలికి నేనే కట్టు కట్టుకున్నాను. ఎన్ని గాయాలు చూశానో, నాది నేను చూసుకుంటుంటే చేయి వణికింది. సత్రంలో ముసలామె డబ్బు తీసుకోకుండా సూప్ పోసింది. ఆమె మోకాలికి రేపు పొద్దున మందు ఇచ్చి వెళ్తాను."

ఆటలో ఆ ముసలామె ఒక మామూలు పాత్ర, ఆమె మోకాలి నొప్పి నేను కల్పించిందే. కానీ మర్నాడు ఆట తెరిచినప్పుడు ఆమెకి మందు ఇవ్వాలన్న పని ఉంది నాకు. నెల రోజులు ఆట ఆపి మళ్ళీ వచ్చినా ఈ డైరీ రెండు పేజీలు చదివితే ఎక్కడున్నామో, ఎందుకున్నామో వెంటనే గుర్తొస్తుంది. సేవ్‌లు మూలన పడడానికి సగం కారణం ఆ మరుపే.

ఎనిమిదో అడుగు: ఇప్పుడు మాడ్స్

ఇంతదాకా ఆపింది కావాలనే. ఒకసారి సెలవుల్లో ఒక్క రాత్రిలో నూటనలభై మాడ్స్ ఎక్కించాను. కొత్త చెట్లు, కొత్త ముఖాలు, కొత్త వాన. మూడు వారాలు బాగానే నడిచింది. లెవెల్ 31 దగ్గర ఒక మాడ్ నచ్చక తీసేశాను, అంతే, సేవ్ తెరిస్తే ఆట డెస్క్‌టాప్ మీదకి వచ్చి పడేది. పాత సేవ్‌లన్నీ ప్రయత్నించాను, ఒక్కటీ నిలబడలేదు. ఆ మనిషి కథ అక్కడే ఆగిపోయింది, ఆ బాధ ఇప్పటికీ ఉంది.

పీసీలో ఆడేవాళ్ళు ఈ వరసలో వెళ్ళండి. ముందు మాడ్స్ ఎక్కించే ప్రోగ్రామ్, వోర్టెక్స్ గానీ మాడ్ ఆర్గనైజర్ 2 గానీ పెట్టుకోండి. నేను రెండోదే వాడతాను, అది ఆట ఫోల్డర్‌ని ముట్టుకోకుండా మాడ్స్‌ని విడిగా ఉంచుతుంది. మొదట ఎక్కించాల్సింది అన్అఫీషియల్ ప్యాచ్, ఆటలో మిగిలిపోయిన వందలాది తప్పులను సరిచేస్తుంది. తర్వాత మీ మనిషికి అవసరమైనవే. హెల్గెన్ బండి నుంచి తప్పించుకోవాలంటే ఆల్టర్నేట్ స్టార్ట్ ఉంది: జైలు గదిలో కళ్ళు తెరిచి, ఎవరిగా మొదలుపెట్టాలో ఎంచుకోవచ్చు. పెర్క్‌లు పాతబడ్డాయనిపిస్తే ఆర్డినేటర్ ఉంది. అక్కడితో పది, పదిహేను మాడ్స్ దగ్గర ఆగండి.

కొన్ని జాగ్రత్తలు. స్క్రిప్టులున్న మాడ్‌ని ఆట మధ్యలో తీయకండి, నచ్చకపోయినా ఆ మనిషి కథ అయ్యేదాకా భరించండి. ఎస్‌కేఎస్‌ఈ (కొన్ని మాడ్స్‌కి కావాల్సిన అదనపు ప్రోగ్రామ్) వాడుతుంటే ఆట అప్‌డేట్ అయినప్పుడు అది పనిచేయకుండా పోతుంది, కాబట్టి స్టీమ్‌లో ఆటోమేటిక్ అప్‌డేట్ కాకుండా సెట్ చేసుకోండి. మామూలు ప్లగిన్‌లు (మాడ్ ఫైళ్ళు) 254 దాటితే ఆట తట్టుకోదు, లైట్ ప్లగిన్‌లకు ఆ లెక్క వర్తించదు. కన్సోల్‌లో కూడా మాడ్స్ ఉన్నాయి గానీ ప్లేస్టేషన్‌లో బయటి బొమ్మలు, శబ్దాలు తెచ్చే మాడ్స్‌కి అనుమతి లేదు. మామూలుగా మాడ్స్ పెడితే అచీవ్‌మెంట్స్ రావు.

స్కైరిమ్ ఆడే తీరు ఇష్టం, దేశం మాత్రం కొత్తది కావాలంటే ఎన్‌డెరల్ ఉంది. జర్మనీ బృందం ష్యూర్‌ఏఐ 2016లో తెచ్చిన పూర్తి కొత్త ఆట అది, కొత్త కథ, కొత్త భూమి. స్కైరిమ్ కొన్నవాళ్ళకు స్టీమ్‌లో ఉచితం. కథ కాస్త బరువైనది, మనసు తేలిగ్గా ఉన్నప్పుడు మొదలుపెట్టండి.

తొమ్మిదో అడుగు: ఈ మనిషి కథ ఎక్కడ అయిపోతుందో చూసుకోండి

స్కైరిమ్‌కి అంతం లేదు. ఆల్డుయిన్ చచ్చినా రేడియంట్ క్వెస్ట్‌లు (ఆట తనంతట పుట్టించే పనులు) వస్తూనే ఉంటాయి. ముగింపు మీరే పెట్టాలి, లేకపోతే ఆట నీరసంగా కారిపోతుంది. ఆ ముగింపు మెయిన్ క్వెస్టే కానక్కర్లేదు.

విండ్‌హెల్మ్‌లో వైట్ ఫియల్ అనే మందుల దుకాణం ఉంది. యజమాని నురేలియన్, ముసలి ఎల్ఫ్, దగ్గుతో తీసుకుంటున్నాడు. ఏది పోసినా మళ్ళీ తనంతట తానే నిండే ఒక తెల్లని సీసా కోసం జీవితమంతా వెతికాడు. శిష్యుడు క్వింటస్ అతన్ని చూసుకుంటుంటాడు. మందులు చేసే గాయం కడుగు ఆ దుకాణంలో అడుగుపెట్టకుండా ఎలా ఉంటాడు? ఫర్సేకన్ కేవ్‌కి వెళ్ళి సీసా తెచ్చాడు. అది పగిలి ఉంది. ముసలాయన కుప్పకూలిపోయాడు. కొన్నాళ్ళకు క్వింటస్, బాగుచేసే దారి ఉందన్నాడు. మూడు వస్తువులు కావాలి: మ్యామత్ దంతపు పొడి, ఒక బ్రయర్‌హార్ట్, ఇంకా ఎప్పటికీ కరగని మంచు. ఆ మంచు త్రోట్ ఆఫ్ ది వరల్డ్ శిఖరం మీద ఉంటుంది. శిఖరానికి వెళ్ళే దారిని మంత్రగాలి అడ్డుకుంటుంది. దాన్ని చెదరగొట్టడానికి క్లియర్ స్కైస్ అనే షౌట్ కావాలి. షౌట్ కావాలంటే డ్రాగన్‌బార్న్ కావాలి.

నా మొదటి "కాదు" అదే కదా. డ్రాగన్లు లేని ప్రపంచం.

రెండు రోజులు ఆట తెరవలేదు. డైరీలో రాసి, కొట్టేసి, మళ్ళీ రాశాను. చివరికి లెవెల్ 22లో గాయం కడుగు తన సంచీ అడుగున పడి ఉన్న రాతిపలక తీసుకుని వైట్‌రన్ మెట్లు ఎక్కాడు. కావలి బురుజు దగ్గర మొదటి డ్రాగన్ చచ్చి, దాని ఆత్మ అతనిలోకి వచ్చినప్పుడు నాకు సంతోషం కలగలేదు. ఆకాశం ఇక ఖాళీగా ఉండదని తెలుసు, అది అతను చేసుకున్నదేనని కూడా తెలుసు. గ్రేబియర్డ్స్, థాల్మోర్ విందు, రిఫ్టెన్ నేలమాళిగలు, ఆల్డుయిన్ గోడ, అన్నీ నాకు కంఠతా వచ్చిన క్వెస్ట్‌లు. కానీ ఈసారి ప్రతి చోటా మనసులో ఒకటే టెన్షన్, ముసలాయన అప్పటిదాకా ఉంటాడా అని. ఆటలో ఆయన మనం వెళ్ళేదాకా ఉంటాడని నాకు తెలుసు. గాయం కడుగుకి తెలియదు.

శిఖరం మీద ఉండే డ్రాగన్ పార్థర్నాక్స్‌తో మాట్లాడే ముందే ఆ మంచు తీసుకున్నాడు. విండ్‌హెల్మ్ దాకా నడిచే వచ్చాడు. క్వింటస్ సీసా బాగుచేసి మంచం దగ్గరికి తీసుకెళ్ళి చూపించాడు. నురేలియన్ చూశాడు, తర్వాత కన్నుమూశాడు.

నా ఆఖరి సేవ్ ఆ గదిలోనే ఉంది. ఆల్డుయిన్ ఇంకా బతికే ఉన్నాడు.